మొన విరిగిన చోటు

ఖీవా కోటగోడ నీడ మా షెడ్డు రేకుల మీదికి జారే వేళకి
బిట్ల డబ్బా తెరిచాను.
ముప్పైరెండు గుంటలు, ఇరవై ఏడు బిట్లు.
లేని అయిదింటి కథలూ నాకు తెలుసు.

యంత్రం మీద వెల్లకిలా పడుకుని ఉంది
చేవదేరిన కైరగచ్ మాను, మూడు మీటర్లు.
చాయ్‌ఖానా వసారాలో అయిదు స్తంభాలు.
నాలుగు నిలబడ్డాయి, ఒకదాన్ని పురుగు తినేసింది.
దాని తోబుట్టువుని నేను పుట్టించాలి.

ముందు మొద్దుపని.
దానికి పన్నెండు మిల్లీమీటర్ల బిట్టు, రెండంచులది.
మూడంచులదైతే పొట్టు బయటపడక లోపలే కమిలి
షెడ్డంతా మాడిన రొట్టె వాసన.
పొట్టుని పైకి లాగే మెలికా, కిందికి నొక్కే మెలికా?
పైకి లాగేది అంచున పీచు లేపుతుంది.
కిందికి నొక్కేది అంచుని వెన్నలా కోస్తుంది గానీ
గాడినిండా పొట్టు కుక్కుకుని వేడెక్కి అలుగుతుంది.
పైకి లాగేదే పెట్టాను.
పీచు సంగతి పొద్దున చూసుకోవచ్చు.

తర్వాత స్తంభం అడుగు.
కడవలా ఉబ్బి, ఉబ్బిన చోటు కిందే నడుము చిక్కినట్టు సన్నబడుతుంది.
పొట్టి బిట్టు అక్కడికి అందదు,
స్పిండిల్ నట్టు వెళ్ళి కడవ బుగ్గని గీరుతుంది.
(గీరింది ఒకసారి. మూడో ఖాళీ గుంట కథ అది.)
పొడుగుది అందుతుంది, కానీ వణుకుతుంది.
వణికే బిట్టు సాక్ష్యం చెల్లదు,
నునుపని ఒట్టేసి అలలు వదిలిపోతుంది.
కాబట్టి మా పసుపు కారెట్టు లాంటిది:
మొదట్లో లావు, కొసకి సన్నం,
మొన మాత్రం గుండ్రన, ఆవగింజలో సగం.

ఉస్తా మత్యాకుబ్ వచ్చాడు. నంబరు అడగలేదు.
బిట్టుని బొటనవేలి గోటి మీద నెమ్మదిగా లాగి
"ఇది తినదమ్మా, నాకుతుంది" అన్నాడు.
ఉర్గెంచ్ బజారులో కొన్న కొత్తది తీశాను,
పాతదాన్ని గుంటలోకి తోస్తూ.

ఆ రాత్రి లతలు మొదలయ్యాయి.
దువ్వెన పళ్ళకన్నా దగ్గరగా గీత పక్కన గీత.
కుర్రాడు పహ్లవాన్ పేరుకి మల్లుడే,
పదింటికల్లా పొట్టు గుట్ట మీద నిద్రపోయాడు.
మాను కడుపులో పాత ముడి ఒకటుందని
ఎవరూ నాకు చెప్పలేదు.

టిక్.
గోరు విరిగినంత చప్పుడు.
మొన లేని బిట్టు ఇంకా తిరుగుతూ
గాలిలో ఆకులు చెక్కుతూనే ఉంది, ఎంతో శ్రద్ధగా.

విరిగిన మొన ఆకు ఈనెలో దిగబడింది.
తవ్వితే ఆకు ఊడుతుంది,
వదిలేస్తే నా పరువు.
తెల్లారి ఉస్తా ఉమ్మితో తడిపి చూశాడు.
నేను తిట్లకి సిద్ధంగా నిలబడ్డాను.
ఆయన జేబులోంచి పొగాకు డబ్బా తీసి
మూత తిప్పి, అడుగునుంచి
తుప్పు పట్టిన ఇనప పలుకొకటి నా అరచేతిలో వేశాడు.

పురుగు తిన్న స్తంభాన్ని కోసినప్పుడు దొరికిందట.
ఉలి కొస.
దాన్ని పోగొట్టుకున్నవాడు
ఆ పూట ఎవరితో ఏమని బొంకాడో!

"ఉండనీ" అన్నాడు ఉస్తా, "మానుకి బరువా అది?"
అని కూర్చుని, ఏ గుండ్రటి మొనా దూరని మూలల్ని
ఉలితో ఒక్కొక్కటే గిల్లుతూ పోయాడు.

ఇరవై ఆరు.
డబ్బా మీద వేలు ఆడించి
రెండో కారెట్టు ఎంచాను, రవ్వంత పొట్టిది.
చాక్లెట్ కాగితం మొన కింద పెట్టి
స్పిండిల్‌ని వెంట్రుక వాసి చొప్పున దించుతూ
కాగితాన్ని లాగి చూశాను.
కదిలింది.
మళ్ళీ లాగాను.
పట్టింది.