రెండు మిల్లీమీటర్లు

బల్ల మీదికి ఎక్కడానికి ఎడ్మండ్ కొంకెల్‌కి
ఏడు నిమిషాలు పట్టింది.
చెయ్యి అందించబోతే వద్దని తల ఊపాడు.
గ్దాన్‌స్క్ ఓడల కార్ఖానాలో నలభై ఏళ్లు
ఇనుప కడుపుల్లో వెల్లకిలా పడుకుని వెల్డింగ్ చేసినవాడు,
పడుకోవడం నాకు నేర్పక్కర్లేదన్నాడు.

వీపు కింద పూసల సంచీ.
గాలి లాగేస్తే అది రాయిలా బిగుసుకుని
అతని భుజాలనీ, ఎడమ తుంటినీ,
నొప్పికి చోటిస్తూ ఒరిగిన ఆ కాస్త వాలునీ
అచ్చు పోసుకుంది.

ప్రోస్టేట్‌లో పుట్టింది.
ఎప్పుడు బయల్దేరిందో తెలీదు,
తొమ్మిదో వెన్నుపూసలో కాపురం పెట్టింది.
దాని వెనక, రెండు మిల్లీమీటర్ల అవతల,
వెన్నుపాము.
రెండు కాళ్లూ, మూత్రం ఆపుకునే మర్యాదా
ఆ ఒక్క తాడు మీదే.

"ఓర్చుకోలేకపోతే ఈ రబ్బరు బుడ్డి నొక్కండి."
"నొక్కితే?"
"అన్నీ ఆగిపోతాయి."
"అయితే నొక్కను."

తలుపు మూరెడు మందం.
అది మూసుకున్నాక నాకతను
తెర మీద బూడిదరంగు బొమ్మ.
పటంలోని ఎముక మీద ఇవాళ్టి ఎముకని పరిచి చూస్తాను.
ఎడమకి ఒక మిల్లీమీటరు.
బల్లని జరుపుతాను. మళ్లీ చూస్తాను.
ఊపిరి ఒక్కటే నా లెక్కల్లోకి రాదు,
అతనిదీ, నాదీ.

రెండోనాటి రాత్రి నొప్పి రెట్టింపయింది.
అలా అవొచ్చని ముందే చెప్పాం.
చెప్తే మాత్రం ఎముక వింటుందా?
ఫ్రిజ్‌కి నుదురానించి
నిలబడే తెల్లార్చాడని
భార్య ఓటీలియా ఫోన్లో చెప్పింది.

మూడో రోజు పటం చూపించమన్నాడు.
పూసంతా ఎరుపు.
దాని వెనక గుర్రపు నాడాలా వంగి
తాడుని తాకకుండా తప్పుకున్న గీత.
కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు.
"రేకు వెనక కరెంటు తీగలుంటాయి.
మంట పెట్టడం ఎవడికైనా వచ్చు.
ఆపాల్సిన చోటు చేతికి తెలియాలి.
ఎవరు గీశారిది?"
పై అంతస్తులో హాల్ష్కా అని,
ముప్ఫై కూడా నిండని పిల్ల అన్నాను.
"మంచి చెయ్యి," అన్నాడు.
నలభై ఏళ్లలో ఆ మాట ఎంతమందితో అని ఉంటాడో.

నయమవుతుందా అని అడగలేదు.
మెట్లు ఎన్నాళ్లు ఎక్కగలనని అడిగాడు.
మూడో అంతస్తట, లిఫ్టు లేదట.
డాక్టర్ని అడగండన్నాను,
చూపు అతని బూట్ల మీద పెట్టి.
లేసులు తనే కట్టుకున్నాడు.

అతను వెళ్లాక సంచీ మూత విప్పాను.
గాలి బుస్సున లోపలికెళ్లింది.
ముందు తుంటి పోయింది, తర్వాత భుజాలు.
ఆ చిన్న వాలు మాత్రం
పూసల్లో కాసేపు నిలిచింది.
అరచేత్తో సర్దాను.
పదకొండింటికి ఇంకొకరున్నారు.