ఓడ, చుక్క, గది

ట్రాండ్‌హైమ్ రేవులో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
మూడో అంతస్తులో ఇంగ్‌విల్ ఇంకా కోటు విప్పలేదు.
సర్వర్ మళ్లీ ఊపిరాడక పడిపోయింది,
ఈ వారంలో నాలుగోసారి.

పాతికేళ్ల కిందట టూర్గెయిర్ రాసిన కోడ్ అది:
ఓడ అని ఒక క్లాసు,
దాని కడుపులో గది అని ఇంకొకటి.
బయటివాళ్లు పిలవాలంటే
ఓడ, చుక్క, గది.
అచ్చం మనలాగే, ఇంటిపేరు ముందు.

గదికి ఓడ గుట్టంతా తెలుసు.
డీజిల్ లెక్క, కెప్టెన్ జీతం,
ఏదీ అడిగి తీసుకోదు.
అమ్మ పోపులడబ్బాలో చెయ్యిపెట్టే పిల్లకి
అనుమతి ఎందుకు?

చిక్కంతా అక్కడే.
లోపలిది బయటిదాని కొంగు వదలదు.
రద్దయిన టికెట్ల జాబితా ఒకటి
ఒక్క గదిని పట్టుకుంది;
గది ఓడని పట్టుకుంది;
ఎప్పుడో తుక్కుకి అమ్మేసిన ఓడ
నాలుగొందల గదులతో, దీపాలతో
మెమరీలో లంగరేసుకుని కూర్చుంది.
ఒకటి కాదు, తెల్లారితే ఇంకో నకలు.

ఇంగ్‌విల్ ఒక్క మాట చేర్చింది: స్టాటిక్.
బొడ్డు తెగింది.
ఇంటిపేరు మాత్రం అలాగే ఉంది.
తెరమీద గీత
ఆటువేళ నీళ్లలా దిగుతూ పోయింది.

చెబుదామని టూర్గెయిర్ బల్ల దగ్గరికి వెళ్లింది.
రాసుకోవడానికి ఆయన సొరుగు లాగాడు.
పెన్నుల మధ్య ఒక ఇత్తడి తాళంచెవి,
బిళ్లమీద ఓడ పేరు సగం అరిగిపోయి.

"ఇప్పుడు ఖాళీ అయిందా?" అన్నాడు.
అయిందంది.
పెన్ను తీసుకోకుండానే సొరుగు మూశాడు.