నిశాని

నృపతుంగ రోడ్డు కోర్టులో
నాది నాలుక ఉద్యోగం.
ఎవరో తెలుగులో తడబడతారు,
అదే మాట నేను కన్నడంలో తడబడకుండా చెప్పాలి.
వాయిదాకి ఇంతని ఇస్తారు.
చాలాసార్లు ఇవ్వరు.

ఈ రోజు బోనులో ఓబులేసు.
రొద్దం పక్క పల్లె,
హెణ్ణూరు వైన్సు కౌంటర్లో ఏడాదిన్నర నౌకరీ.
పదహారేళ్ల పిల్లాడికి సీసా అందించాడని కేసు.
పిల్లాడి పేరు నేను చెప్పను,
చట్టం ఒప్పదు.
రికార్డులో కూడా అతను ఉత్త "బాలుడు".
రెండు రాత్రులు ఐసీయూలో ఉండి లేచిన బాలుడు.

వకీలు లేచాడు.
చట్టంలో పద్దెనిమిదని ఉంది, నిబంధనల్లో ఇరవై ఒకటని ఉంది,
చదువుకున్నవాళ్లకే తేలని లెక్క
ఏడో తరగతి తప్పినవాడికి ఎలా తేలుతుందన్నాడు.
జడ్జమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని
"పదహారు ఈ రెండిట్లో దేనికి దగ్గరండీ" అంది.
ఎవరూ నవ్వలేదు.
ఫ్యాను మాత్రం టకటకమంది.

"అడిగితి మేడం," అన్నాడు ఓబులేసు.
"నీకెన్నేండ్లురా అంటి. ఇర్వై ఒకటి అన్య.
ఎక్కం అప్పజెప్పినట్ల అన్య.
మీసం ఉండ్య.
ఇస్తి."

ఇస్తి.
అమ్మితి అనలేదు.
కన్నడంలో ఆ మాట "కొట్టె".
నేనలా అన్నానో లేదో
వెనక బెంచీలోంచి వాళ్లక్క మారెక్క లేచింది.
నిన్న రాత్రి బస్సుకి మొదటిసారి ఈ ఊరు చూసిన మనిషి.
"మావోడు యెవుర్నీ కొట్టలేదు తల్లీ,
చీమను గూడా కొట్టడు!"
కూర్చోబెట్టారు.
ఇవ్వడానికీ కొట్టడానికీ మధ్య ఎంత దూరమో
ఆమెకు చెప్పడం నా పని కాదు.
నాకూ సరిగ్గా తెలీదు.

సెక్షను చదివారు:
బిడ్డకు మత్తు ఇచ్చినవాడికి గానీ, ఇప్పించినవాడికి గానీ
ఏడేళ్ల దాకా కఠిన కారాగారం,
లక్ష దాకా జరిమానా.
తెలుగు చేసి చెప్పాను.
లక్ష అనే మాట వాడి చెవికెక్కలేదు.
ఐదు, ఆరు, ఏడు అని
కూతురి వయసు వేళ్ల మీద కూడుకుంటున్నాడు.
అది నేను అనువదించలేదు,
నన్నెవరూ అడగలేదు.

వైన్సు లైసెన్సు పదిహేను రోజులు ఆపారట.
పదహారో రోజు షట్టరు లేచింది.
కొత్త కుర్రాడు, కొత్త బోర్డు,
ఇరవై ఒకటి అంకె ఈసారి జానెడుంది.
ఓనరు ఊటీలో ఉన్నాడు, ఆరోగ్యం బాగాలేదు.

అప్పుడు మారెక్క కొంగుముడి విప్పింది.
రాత్రి తమ్ముడి గది సర్దుతుంటే దొరికిందట,
మేకుకి గుచ్చిన చిల్లుతో ఒక చీటీ.
వకీలు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ముందుకిచ్చాడు.
నిశానె డి-ఒకటి.
ఇక్కడ సాక్ష్యపు కాగితాన్ని అలా అంటారు.
మా వైపు నిశానీ అంటే వేలిముద్ర.
చీటీలో తెలుగు రాత, ముచ్చటగా గుండ్రంగా.
చదవమన్నారు.

"ఓబులేసూ, మావాడి చేతికి ఒక క్వార్టర్ ఇచ్చి పంపు.
నాకు మోకాళ్లు పట్టేశాయి.
మిగిలిన చిల్లర వాడినే ఉంచుకోమను."

మూడో బెంచీలో ఫిర్యాదుదారు,
బాలుడి తండ్రి,
ఫోను తీసి ఆరిపోయిన తెరనే చూస్తున్నాడు.

మోకాళ్లు పట్టేయడానికి కన్నడంలో మాట వెతుక్కున్నాను.
చిల్లరకి వెతుక్కోలేదు.
రెండు భాషల్లోనూ ఆ మాట దాదాపు ఒకటే,
ఒక్క చివరి అక్షరం ఒరుగుతుంది, అంతే.

"ఎంత?" అంది జడ్జమ్మ.
ఎవర్ని అడిగిందో తెలీదు.
ఓబులేసు తండ్రి వైపు చూశాడు,
తండ్రి ఫోను వైపు.

తలుపు దగ్గర గోడకి ఆనుకున్న బాలుడు,
ఇంకా పూర్తిగా బరువెక్కని గొంతుతో,
"ఇరవై" అన్నాడు.
"ప్రతి శనివారం."

ఏ భాషలో అన్నాడో
ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు.
నేను నోరు తెరవకముందే
గుమాస్తా రాసేసుకున్నాడు.

వాయిదా పద్నాలుగో తారీఖుకి.