ఆరున్నొక్కటి

డులూత్‌లో ఏప్రిల్ అంటే చలికాలానికి ముద్దుపేరు.
సరస్సు మీద మంచు
పగలాలా వద్దా అని ఇంకా ఆలోచనలోనే ఉంది.

టోయివో లాహ్టి మంగలి షాపులో మూడు కుర్చీలు.
ఒకదానికి తోలు చిరిగి, బొత్తాం ఊడి,
టేపు అంటించి ఉంటుంది.
కొత్త కుర్చీకని దాచిన డబ్బు పెట్టి
క్రిస్మస్ ముందు షేర్లు కొన్నాడు, ముప్పై ఒకటి దగ్గర.
ఆయన మురిపెం చూసి నేను కొన్నాను,
తొంభై ఆరు దగ్గర.
ఫిన్నిష్‌లో టోయివో అంటే ఆశట.
ముందే అడగాల్సింది.

చొక్కాకి ఊడిన ఒక్క బొత్తాం
ఇంటర్నెట్లో అడిగితే గుమ్మంలోకి తెచ్చిస్తారు.
అంతే, అదీ కంపెనీ.
లాభం ఎప్పుడని ఎవరూ అడగలేదు.
నీళ్ళ ప్లాంటులో క్లోరిన్ కొలిచేవాణ్ణి,
చుక్క తేడా వస్తే మళ్ళీ మొదటినుంచి కొలుస్తాను.
నేనూ అడగలేదు.
ఆలూ లేదు చూలూ లేదు,
సోమలింగానికి అప్పుడే పెళ్ళిసంబంధాలు చూస్తున్నాం.

ఆ శుక్రవారం మెడ చుట్టూ గుడ్డ కట్టాడు.
టీవీ నా వెనక గోడ మీద.
నాకు అద్దంలోనే కనిపిస్తోంది,
అంకెలన్నీ తిరగబడి, ఊరూ పేరూ తెలియని లిపిలా.
బాణాలు మాత్రం తిరగబడవు.
అద్దంలోనూ కింద అంటే కిందే.

కుడివైపు కత్తిరించాడు. పద్నాలుగు.
కత్తెర గాల్లో ఆగింది.
ఒక్క ఊపున లేచి పదిహేడు.
"చూశావా!"
ఆ ఊపులో ఎడమవైపు నాలుగు కోతలు ఎక్కువ పడ్డాయి.
సమం చేద్దామని కుడికి వచ్చాడు.
పదకొండు.
ఇప్పుడు కుడి తగ్గింది.

ఇనుపరాయి ఓడల్లో వంటచేసి రిటైరైన గోర్డీ
పేపర్లోంచి తలెత్తకుండా, "అమ్మేయరాదూ" అన్నాడు.
ఇప్పుడా? ఇంత కిందికి వచ్చాకా?
ఇద్దరం ఒకే గొంతుతో అన్నాం.
నూట పన్నెండు ఉన్న రోజున కూడా అన్నాం,
ఇప్పుడా? ఇంత పైకి పోతుంటేనా?
గోర్డీ పేజీ తిప్పాడు.

తెనాలి బియ్యం కొట్లో మా తాత కొలగాడు.
కుంచం ఎత్తి ఒకటి అనడు, లాభం అంటాడు.
లాభం, రెండు, మూడు...
ఏడు దగ్గరికి వచ్చేసరికి
ఏడుపు మాట నోట రాకూడదని
ఆరున్నొక్కటి అని దాటేసేవాడు.
మా లెక్క కూడా లాభంతోనే మొదలైంది.

మధ్యాహ్నం దాటాక అద్దంలో
ఆ అంకె వచ్చి నిలబడింది.
తిరగబడి ఉన్నా పోల్చుకున్నాను.
ఆరున్నొక్కటి, అన్నాను పైకే.
"ఏంటది?" అన్నాడు టోయివో.
ఏం చెప్పను.

కుడి కాస్త, ఎడమ కాస్త, మళ్ళీ కుడి కాస్త.
చివరికి మిషను తీసి మొత్తం దించేశాడు.
మా భాషలో గుండుకి ఇంకో అర్థం ఉందని
ఆయనకి చెప్పలేదు.
డబ్బులు వద్దన్నాడు.
అద్దం ముందు పదకొండు డాలర్లు పెట్టి వచ్చాను.
ఆ రోజు మొత్తమ్మీద
ఇచ్చిందానికి ఏదో ఒకటి ముట్టిన బేరం అదొక్కటే.

మే నెలలో మంచు పోయింది, కంపెనీ పోయింది.
ఆ తర్వాత వారానికి నా పేర ఓ కవరు.
సరదాకి ఫిబ్రవరిలో అడిగిన కోటు బొత్తాం.
నల్లది అడిగితే నీలంది పంపారు.

తీసుకెళ్ళి చూపించాను.
ట్యూబులైటు కేసి ఎత్తి
ఒక కన్నంలోంచి చాలాసేపు చూశాడు.
తర్వాత కుర్చీ మీద టేపు పీకి
చెప్పులు కుట్టే దారంతో
ఆ ఊడిన చోట దాన్ని కుట్టాడు.
ఎర్ర తోలు మీద నీలం. వీధిలోంచి కూడా కనిపిస్తుంది.

"కూర్చో" అన్నాడు.
కత్తిరించడానికి ఇంకా ఏమీ మొలవలేదు.
ఊరికే కూర్చున్నాను.