వగరు

చేదుకు నా దగ్గర లెక్కలున్నాయి.
నీలి అట్ట నోటుపుస్తకంలో
మూడేళ్ళ శుక్రవారాలు:
డబ్బా పేరు, కాచిన ఊరు, హాప్స్ రకం,
చేదు ఎంత? నలభై, అరవై, ఒకసారి తొంభై అయిదు.
ఆ తొంభై అయిదు తాగిన రాత్రి
వేపపుల్ల నమిలినవాడిలా నవ్వుకున్నాను, ఒక్కణ్ణే,
జుఫేర్‌లో, ఆరో అంతస్తులో,
ఏసీ నీళ్ళు బకెట్లోకి చుక్కలు కొడుతుంటే.

పగలంతా నా పని ప్రెషర్ గేజులు సరిచూడటం.
ముల్లు అబద్ధమాడితే పట్టుకుంటాను.
అంకె లేని రుచిని నమ్మే అలవాటు లేదు.

మొదటి వైన్ సీసాను నేనే చంపాను.
ఆగస్టు. ఇంటికొచ్చే దారిలో
కోల్డ్ స్టోర్ దగ్గర పెరుగు కోసం ఆగాను,
కౌంటరు మీద సుబైర్, వాడితో క్రికెట్టు,
నలభై నిమిషాలు డిక్కీలో ఉడికింది ద్రాక్ష.
బిరడా తీసే మర లేదు.
స్క్రూడ్రైవర్‌తో లోపలికే తోశాను.
బీరు బుద్ధి ఎక్కడికి పోతుంది?
పళ్ళు జివ్వుమనేదాకా ఫ్రీజర్లో పెట్టి
స్టీలు గ్లాసు అంచుదాకా పోసి
గడగడా తాగాను.
నురగ లేదు. అడుగంటిన పులుసు, పైన బిరడా పొట్టు.
పుస్తకంలో రాశాను:
"ద్రాక్షకు పట్టిన దుర్గతి. సున్నా."

ఆ పేజీ అర్థం చెప్పించుకుని
తానియోస్ కళ్ళద్దాలు తీసి మరీ నవ్వాడు.
మా ల్యాబులో పెద్దాయన, లెబనాన్‌లో జహ్లే ఊరివాడు.
చిన్నప్పుడు తొక్కిన ద్రాక్ష ఎరుపు
తన మడమ పగుళ్ళలో ఇంకా ఉందంటాడు.
మేజోళ్ళు విప్పి చూపించమని నేనెప్పుడూ అడగలేదు.

"శుక్రవారం రా. ముందు నీళ్ళు తాగి రా.
దాహంతో వచ్చేవాడికి బీరే మేలు."

సీసా ఫ్రిజ్‌లోంచి తీసి
అరగంట ఊరికే బల్లమీద ఉంచాడు.
నేను గడియారం వైపు, ఆయన నా వైపు.
గ్లాసు పొట్ట చూస్తే అర లీటరు,
పోసింది రెండు వేళ్ళు.
మిగతా ఖాళీ దేనికన్నాను.
"ముక్కుకి."

ముక్కు పెట్టాను.
నారింజ తొక్క, మామిడి, దేవదారు జిగురు
నా పాత చుట్టాలెవరూ రాలేదు.
చాలాసేపటికి
కొత్త చెప్పుల అట్టపెట్టె,
ఆ వెనకే మా మేనత్త మందుల డబ్బాలో కరక్కాయ.

తాగాను.
"చేదు" అన్నాను, ఆనవాయితీగా.
"కాదు. చేదు నాలుకతో మాట్లాడుతుంది.
ఇది నీ చెంపల్ని లోపలికి లాగుతోంది, చూసుకో."

చెంపలు.
అరటికాయ తరిగాక వేళ్ళు వదలని జిగురు,
దోర కూడా కాని జామ,
నేరేళ్ళు తిని నాలుకలు చాపి
ఎవరిది ఎక్కువ ఊదా అని పోట్లాడుకున్న బడి మెట్లు.
ఉగాది పచ్చడిలో వేపపువ్వును ఏరి పక్కన పెట్టినవాళ్ళున్నారు,
దీన్ని తిట్టినవాళ్ళు కూడా లేరు,
ఆరింటిలో వెనకబెంచీ రుచి.
"వగరు!" అన్నాను, కాస్త గట్టిగానే.
"అఫ్స్" అన్నాడాయన, ఇంచుమించు అదే ఊపిరిలో.

ఒకరి మాట ఒకరం నోట్లో వేసుకుని చూశాం.
ఆయన పళ్ళ మధ్య నాది "వగ్రూ" అయింది,
ఆయన మాట మొదటి అక్షరం
నా గొంతులో ఎక్కడో ఇరుక్కుని దగ్గు తెప్పించింది.
లోపల్నుంచి వాళ్ళావిడ
ఎవరికి పొలమారిందని అడిగింది.

కొవ్వున్న మాంసం ముక్క పెట్టి, మళ్ళీ తాగమన్నాడు.
అదే సీసా, అదే గ్లాసు.
వగరు మెత్తబడి పక్కకు జరిగి కూర్చుంది.
నా ఉద్యోగంలో అయితే
ఆ గేజు తీసి పారేసేవాణ్ణి.

టాక్సీలో ఇల్లు చేరేసరికి దాహం.
ఫ్రిజ్‌లో డబ్బా, చేదు అరవై రెండు, హాయిగా ఉంది,
ఎవరి మీదా ఒట్టు వెయ్యలేదు కదా.
తర్వాత పేజీ తిప్పి
"వగరు" అని రాసి
అంకె గడి దగ్గర పెన్ను పట్టుకుని కూర్చున్నాను.
బకెట్టు నిండి నీళ్ళు గచ్చు మీదకి పారుతున్నాయి.
చెంపలు ఇంకా లోపలికే ఉన్నాయి.