పెద్దలు ఒకటి, పిల్లలు సున్నా

శనివారం పొద్దున పదకొండు గంటల ఆట.
లియెపాయలో గాలికి సెలవుండదు.
టోపీని ఒక చేత్తో, వయసుని ఇంకో చేత్తో పట్టుకుని
టికెట్ల కిటికీ ముందు నిలబడతాను.
"పెద్దలు?"
"ఒకటి."
"పిల్లలు?"
అద్దం అవతల అమ్మాయి వేలు మీట మీదే ఆగుతుంది.
"సున్నా" అంటాను,
సరుకు లేని ఓడ తూకం చెప్పినట్టు.

మొదట్లో అబద్ధాలాడాను.
మేనల్లుడు వస్తున్నాడని, దారిలో ఉన్నాడని.
ఒకసారైతే రెండు టికెట్లు కొని
పక్క సీట్లో నా కోటుని కూర్చోబెట్టాను.
కోటు బుద్ధిగానే చూసింది.
యాభైరెండేళ్ళ దాన్ని, నాకే సిగ్గేసింది,
ఎవరి కోసం ఈ దొంగ మేనల్లుడని.
ఇప్పుడు కోటు నా ఒళ్ళోనే ఉంటుంది.

ఈ వారం బంకమట్టి ఎలుగుబంటి.
దాని తేనెసీసాకి మూత పోయింది. అంతే కథ.
ఊరంతా తిరుగుతుంది,
కనబడ్డ ప్రతి గుండ్రటిదాన్నీ సీసా మీద పెట్టి చూస్తుంది:
బండి చక్రం, కోటు గుండీ,
చివరికి నీళ్ళలో చంద్రుణ్ణి దోసిలిపట్టి తెచ్చి
దారంతా ఒలకబోసుకుంటుంది.
పిల్లలు పగలబడి నవ్వుతున్నారు.
నేనూ నవ్వుతున్నాను,
ఇమాంట్స్ వెళ్ళిపోయాక సొరుగులో మిగిలిన
ఒంటి ఊలు తొడుగు గుర్తొస్తూనే ఉన్నా సరే.

అప్పుడు ఎలుగు మొహం తెరంతా నిండింది.
చెంప మీద ఒక బొటనవేలి ముద్ర.
ఎవరిదో.
చెరపడం మరిచారో, మనసొప్పలేదో.
ఎలుగు ఊపిరి తీసినప్పుడల్లా
ఆ సన్నటి గీతలు చీమలబారులా కదిలాయి.

నేను రేవులో క్రేన్ నడుపుతాను.
ఆకాశంలో వేలాడే గాజుగది నాది.
ముప్పై టన్నుల పెట్టెని
జానెడు జరిపి ఆగడం,
బెత్తెడు జరిపి ఆగడం,
వేలెడు జరిపి ఊపిరి బిగబట్టడం,
ఆ పని నాకు తెలుసు.
ఎవరో ఒక చలికాలమంతా దీపాల వేడిలో నడుం వంచి
ఈ మట్టిచేతిని వెంట్రుకవాసి జరిపి ఆగి,
వెంట్రుకవాసి జరిపి ఆగి,
రాత్రికి ఇంటికెళ్ళి మిగిలిన సూపు వెచ్చబెట్టుకుని,
తెల్లారి మళ్ళీ అక్కడే మొదలుపెట్టి ఉంటారు.
ఎలుగు ఒక్కసారి చెయ్యూపడానికి
మంగళవారం మొత్తం పట్టి ఉంటుంది.
నేను రెప్పవేసేలోగా ఆ మంగళవారం అయిపోయింది.
ఇక రెప్పవేయలేదు.

పక్క సీటు పాపకి ముందు పళ్ళు రెండు లేవు.
"నీ పిల్లలేరి?"
"రాలేదు."
"జ్వరమా?"
"అసలు లేరు."
కాసేపు ఆలోచించి
పేలాల డబ్బా నా వైపు వంచింది.
"భయపడకు, మూత దొరుకుతుంది.
నేను చూడ్డం ఇది రెండోసారి."

దొరకలేదు.
చీమలొచ్చాయి.
ఎలుగు వాటివైపు చాలాసేపు చూసి,
జరిగి, సీసా పక్కన చోటిచ్చింది.

ఇటు తిరిగి చూస్తే
పాప తెర చూడ్డం లేదు, నన్ను చూస్తోంది.
"ముందే చెప్తే ఏడవవు కదా" అంది.

సోమవారం టీ దగ్గర రైమొండ్స్ అడిగాడు,
శనివారం ఏం చేశావని.
పేకాట అనేదాన్ని ఇదివరకు.
ఎలుగుబంటి సినిమా అన్నాను.
"అవి చిన్నపిల్లలవి కదా!"
"తీసినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులుంటాయిలే" అన్నాను.
అతను తన మోకాలు తడుముకున్నాడు, ఎందుకో.

మధ్యాహ్నం ఓడలోంచి ఆఖరి పెట్టె.
ఎర్రది, ఒక మూల సొట్టపడింది,
ఏ దేశంలో ఎవరు గుద్దారో.
పైకెత్తాను. తిప్పాను.
దించబోయి
ఒక్క క్షణం అలాగే గాల్లో ఉంచాను,
సముద్రం చూసుకుంటుందని.

కింద నుంచి రేడియో గరగరమంది:
"స్కైడ్రీటె, ఏమైంది?"

"గాలి" అన్నాను.