పొల్లు

ఇద్దరి రక్తమూ ఒకే పొద్దున తీశారు, కాలియరీ ఆసుపత్రిలో.
గొట్టాల మీద పేర్లు రాయబోయి ఆంటియోకో తలెత్తాడు:
"బొనారియా ఎవరు? ఎఫీజియా ఎవరు?"
జబ్బ మీద చిన్న బిళ్ళ అతికించుకున్నది బొనారియా,
పదకొండు నిమిషాల పెద్దది.
ముప్పై నాలుగేళ్ళ కవలలకి
ఇప్పుడదే పుట్టుమచ్చ.

సార్డీనియా కొండల్లో వాళ్ళమ్మ రొట్టెలు కాలుస్తుంది.
పొయ్యిలో బుడగలా ఉబ్బిన రొట్టెని
వేడివేడిగానే అంచు కోసి
రెండు పల్చటి పొరలుగా విడదీస్తుంది.
"మీరూ అంతే," అనేది చిన్నప్పుడు,
"ఒకే ముద్ద."

తొమ్మిదో ఏట, జనవరిలో,
వాయవ్యపు గాలి తలుపులు బాదిన వారంలో
ఇద్దరికీ జ్వరం వచ్చింది. ఇద్దరికీ తగ్గింది.
వేసవికి బొనారియాని దాహం పట్టుకుంది.
కూజా ఖాళీ అయినా తీరేది కాదు.
రాత్రి పక్క తడిసేది. గౌను వదులైంది.
ఊపిరిలో మగ్గిన ఆపిల్ వాసన.
అమ్మ ముందు తిట్టింది, తర్వాత ఎత్తుకుని పరుగెత్తింది.
తిట్టిన మాట గుర్తొచ్చి
ఇవాళ్టికీ పిండి మీద సిలువ గీస్తూ గీస్తూ ఆగిపోతుంది.

దీవిలో పుట్టిన పిల్ల
క్లోమంలోనూ చిన్న చిన్న దీవులుంటాయని అప్పుడే విన్నది.
ఇన్సులిన్ వండే ఆ దీవుల మీద
కాపలా కణాలే దండెత్తాయి,
సొంత ఇంటి గడప గుర్తుపట్టక.

"మరి నాలో?" అంది ఎఫీజియా.

మన లిపిలో చెప్పుకుంటే:
పుస్తకం ఒకటే, ఒక్క అక్షరం తేడా లేదు.
ఎక్కడో ఒకచోట మాత్రం
తలకట్టు తీసి పొల్లు పెట్టిపోయారెవరో.
'క' అని విచ్చుకోవాల్సింది
'క్' అని గొంతులోనే ఆగిపోయింది.
అక్షరం పోలేదు. దాని ఊపిరి పోయింది.
కాపలావాళ్ళని "ఆగు" అనాల్సిన మాట మీద పడిందా అది?
లేక, ఊరుకోవాల్సిన మాట పొల్లు రాలిపోయి
అకారణంగా అరిచిందా?

ఎవరు పెట్టారు? ఆ జనవరి జ్వరమా?
ఒకే మాయని పంచుకున్నా
చెరో చెంచా తేడాగా అందిన నెత్తురా?
తగలని ఎండా? ఇంకా పేరు లేనిదేదైనానా?
డాక్టర్ మన్నూ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.
"గుర్తులు కనిపిస్తున్నాయి.
అవి నిప్పో, నిప్పు పోయాక మిగిలిన మసో
తేల్చుకోలేకుండా ఉన్నాం."

బొనారియా పకపకా నవ్వింది.
ఎఫీజియా నవ్వలేదు.

అమ్మకి ఆ కాగితాలు అక్కర్లేదు.
"విడదీసిన పొరల్ని మళ్ళీ పొయ్యిలో పెడతాం కదా,
రెండో కాల్పు. అప్పుడే ఒకటి మాడుతుంది.
పిండిని ఏమని అంటాం?"

ఎఫీజియా సంగతి ఎక్కడా రాసి లేదు.
జబ్బు రానివాళ్ళ ఫైలు పల్చగా ఉంటుంది.
ఏటా జనవరిలో ఒక రాత్రి
అక్క ఇంట్లో భోంచేసి, స్నానాలగది తలుపేసుకుని,
అక్క డబ్బాలోంచి ఒక పట్టీ తీసి
వేలు పొడుచుకుంటుంది.
ఎనభై ఎనిమిది. నిరుడు తొంభై ఒకటి.
సంతోషం కాదు అది,
దొంగిలించిన వస్తువు ఇంకా జేబులోనే ఉందా అని
తడిమి చూసుకోవడం.
పట్టీని కాగితంలో చుట్టి సంచీలో దాచి,
చేతులు కడుక్కొచ్చి కూర్చుంటుంది.

బొనారియా లెక్కల మనిషి.
పాతికేళ్ళుగా రొట్టె ముక్కనీ, ద్రాక్షపండునీ,
ఎక్కిన మెట్లనీ లెక్కపెడుతున్న మనిషి.
జనవరిలో ఒక పట్టీ తగ్గుతుందని ఆమెకి తెలుసు.
ఎన్నడూ అడగదు.
ఆ రాత్రికి మాత్రం
కొత్త సూది ఒకటి డబ్బాలో పైనే పెడుతుంది,
మూత కాస్త వదులు చేసి.